నాగసాకికి విడిగా ఉత్తర్వు లేదు

జపాన్ మీద అణుబాంబులు వేయమని అమెరికా సైన్యం ఇచ్చిన ఉత్తర్వు ఒక్క పేజీ. 1945 జూలై 25 తేదీ, నాలుగు పాయింట్లు, కింద జనరల్ థామస్ హ్యాండీ సంతకం, అంతే. మొదటిసారి చదివినప్పుడు రెండో పాయింట్ దగ్గర ఆగిపోయాను. మళ్లీ మళ్లీ అదే చదివాను. ఇప్పటికీ ఎవరైనా "బాంబు వేయాలన్నది అధ్యక్షుడు ట్రూమన్ నిర్ణయం" అన్నప్పుడల్లా నాకు ఆ రెండో పాయింటే గుర్తొస్తుంది.

మొదటి పాయింట్ ఇది: ఆగస్టు 3 దాటాక, కంటితో గురి చూసుకోగలిగే వాతావరణం దొరకగానే, హిరోషిమా, కొకురా, నీగాటా, నాగసాకి, ఈ నాలుగింటిలో ఒకదాని మీద మొదటి 'ప్రత్యేక బాంబు' వేయాలి. రెండోది: బాంబు తయారుచేసే ప్రాజెక్టు సిబ్బంది సిద్ధం చేసి ఇస్తున్న కొద్దీ తర్వాతి బాంబులు కూడా అవే ఊళ్ల మీద వేస్తూ పోవాలి. ఎన్ని వేయాలో అందులో లేదు. ఒకటి వేశాక ఆగి, జపాన్ ఏమంటుందో చూసి, మళ్లీ పైవాళ్లని అడగాలన్న మాటా లేదు. మూడో పాయింట్లో అధ్యక్షుడి ప్రస్తావన వస్తుంది, కానీ అది ఆయుధం వాడకం గురించిన సమాచారం బయటికి చెప్పే అధికారం యుద్ధ మంత్రికీ అధ్యక్షుడికీ తప్ప ఇంకెవరికీ లేదని చెప్పడానికి. నాలుగో పాయింట్ ప్రకారం ఈ ఉత్తర్వుకు ఆమోదం ఇచ్చింది యుద్ధ మంత్రి, సైన్యం చీఫ్ ఆఫ్ స్టాఫ్. పత్రికలకు ఏం చెప్పాలన్నా వాషింగ్టన్ దాకా వెళ్లాలి. రెండో ఊరి మీద బాంబు వేయడానికి మాత్రం వెళ్లక్కర్లేదు.

ఈ కాగితమైనా ఉందంటే కార్ల్ స్పాట్జ్ పట్టుబట్టడం వల్లే. పసిఫిక్‌లో వ్యూహాత్మక వైమానిక దళాల బాధ్యత తీసుకోవడానికి బయల్దేరుతున్న ఆ జనరల్, ఇలాంటి పని నోటిమాట మీద చేయను, రాతలో ఇవ్వండి అన్నాడు. ఆయన ఆ రోజు సరే అనేసి వెళ్లిపోయి ఉంటే మనకు చదువుకోవడానికి ఏం మిగిలేదో. అప్పటికి చీఫ్ ఆఫ్ స్టాఫ్ జార్జి మార్షల్ ట్రూమన్‌తో పాటు జర్మనీలో, పోట్స్‌డామ్ సమావేశంలో ఉన్నాడు. కాబట్టి సంతకం ఆయన స్థానంలో ఉన్న హ్యాండీది. చిత్తుప్రతి రాసింది అణుబాంబు తయారుచేసిన మాన్‌హాటన్ ప్రాజెక్టు అధిపతి లెస్లీ గ్రోవ్స్. ఆ రోజుల నాటి ఒక చిత్తుప్రతిలో మిగతా ఊళ్ల పేర్లు టైపు చేసి ఉంటే నాగసాకి పేరు చేత్తో రాసి చేర్చి ఉంది.

గ్రోవ్స్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఆ రెండో పాయింట్ ఆయన మనసులోంచి వచ్చిందే. ఆయన సైన్యంలో ఇంజినీరు, పెంటగాన్ కట్టడాన్ని పర్యవేక్షించినవాడు. 1942 సెప్టెంబరులో విదేశాల్లో యుద్ధరంగానికి వెళ్లే పోస్టింగ్ వస్తుందని ఎదురుచూస్తుంటే ఈ బాంబు ప్రాజెక్టు అప్పజెప్పారు, ఆయనకు అస్సలు నచ్చలేదు. అయినా దిగాక రోజులు వృథా చేయలేదు. న్యూయార్క్‌లో స్టేటన్ ఐలాండ్ గోదాములో బెల్జియన్ కాంగో నుంచి వచ్చిన దాదాపు 1,200 టన్నుల యురేనియం ఖనిజం పడి ఉంటే బాధ్యత తీసుకున్న మొదటి రోజుల్లోనే కొనిపించాడు. టెనెసీలో ఓక్ రిడ్జ్ భూమి సేకరణకూ అప్పుడే అనుమతిచ్చాడు. అక్కడ యురేనియంను వేరుచేసే అయస్కాంతాల చుట్టలకు రాగి కావాలి, యుద్ధం మూలంగా రాగి దొరకదు, దాంతో ఖజానా నుంచి దాదాపు 14,000 టన్నుల వెండి అప్పు తెచ్చి చుట్టలు చేయించారు. యుద్ధం అయ్యాక ఆ వెండిని దాదాపు మొత్తం లెక్క తప్పకుండా తిరిగి అప్పగించారు. మూడేళ్లలో సుమారు 200 కోట్ల డాలర్ల ఖర్చు, ఒక దశలో లక్షా పాతిక వేల మందికి పైగా పనివాళ్లు, వాళ్లలో చాలామందికి తాము ఏం తయారుచేస్తున్నామో తెలియదు.

ఆ సామర్థ్యాన్ని చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది, భయమూ అక్కడే మొదలవుతుంది. ఎక్కడా పని ఆగకూడదు, ఒకరి సంతకం కోసం ఇంకొకరు ఎదురుచూడకూడదు అన్న పద్ధతిలో నడిచిన మనిషి, చివరికి బాంబు వాడకాన్ని కూడా అదే పద్ధతిలో రాశాడు. తయారైన కొద్దీ పంపండి. సరుకు రవాణాకు రాసే వాక్యం అది.

పైవాళ్లెవరూ ఆలోచించలేదని అనడం తప్పే. మే 29న మార్షల్ యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ దగ్గర మాట్లాడుతూ, ముందు పెద్ద నౌకాస్థావరం లాంటి పూర్తిగా సైనిక లక్ష్యం మీద వాడదాం, దానికి లొంగకపోతే కర్మాగారాలున్న ప్రాంతాల్ని ఎంచుకుని జనాన్ని ముందే ఖాళీ చేసి వెళ్లమని హెచ్చరిద్దాం అన్నాడు. ఆ సమావేశం నోట్స్ ఉన్నాయి. ఆ సలహా ముందుకు సాగలేదు, దాదాపు రెండు నెలల తర్వాత వచ్చిన ఉత్తర్వులో దాని జాడ లేదు. స్టిమ్సన్ మాత్రం ఒక్క విషయంలో గట్టిగా నిలబడ్డాడు. గ్రోవ్స్‌కి క్యోటో కావాలి, పెద్ద ఊరు, అప్పటిదాకా బాంబులు పడని ఊరు. స్టిమ్సన్ 1920ల్లో క్యోటో చూశాడు, అది జపాన్ వాళ్ల పాత రాజధాని అనీ, సంస్కృతికి గుండెకాయ అనీ తెలుసు, వద్దన్నాడు. గ్రోవ్స్ మళ్లీ మళ్లీ అడిగినా ఒప్పుకోలేదు, చివరికి ట్రూమన్‌తోనూ చెప్పించాడు. క్యోటో బతికింది, నాగసాకి జాబితాలోకి వచ్చింది. ఒక ఊరి కోసం పోరాడినవాడిని మెచ్చుకోవాలో, మిగతా ఊళ్ల కోసం ఎవరూ అలా పోరాడలేదని బాధపడాలో, నాకు రెండూ ఒకేసారి అనిపిస్తాయి.

బ్రిటన్ పాత్ర చిన్నదే కానీ ఉంది. 1943 ఆగస్టులో క్యూబెక్‌లో రూజ్వెల్ట్, చర్చిల్ చేసుకున్న ఒప్పందం ప్రకారం ఒకరి అంగీకారం లేకుండా ఇంకొకరు ఈ ఆయుధాన్ని మూడో దేశం మీద వాడకూడదు. 1945 జూలై 4న వాషింగ్టన్‌లో జరిగిన ఉమ్మడి కమిటీ సమావేశంలో ఫీల్డ్ మార్షల్ విల్సన్ బ్రిటన్ తరఫున సరే అన్నాడు. పెద్ద చర్చ ఏమీ జరగలేదు.

ఇక ట్రూమన్. హ్యాండీ సంతకం పెట్టిన అదే జూలై 25న ఆయన తన డైరీలో రాసుకున్న మాట చూడండి: సైనిక లక్ష్యాలూ, సైనికులూ, నావికులే గురి కావాలి, ఆడవాళ్లూ పిల్లలూ కాదు, అని స్టిమ్సన్‌కి చెప్పానని. ఆయన అది నమ్మే రాశాడని నా అభిప్రాయం. కానీ వాషింగ్టన్ నుంచి వెళ్లిన కాగితంలో ఉన్నవి నాలుగు ఊళ్ల పేర్లు.

ఆగస్టు 6న హిరోషిమా. ఆ ఏడాది చివరికి చనిపోయినవాళ్లు దాదాపు 1,40,000 అని అంచనా.

రెండో బాంబును మొదట ఆగస్టు 20కి అనుకున్నారు, తయారీ ముందుకు జరగడంతో 11కి తెచ్చారు. తర్వాత, 10వ తేదీ నుంచి కొన్ని రోజులు వాతావరణం బాగుండదని తెలిసి 9కి మార్చారు. ఈ మార్పు కోసం ఎవరూ ట్రూమన్‌ని అడగలేదు, అడగాల్సిన అవసరం ఉత్తర్వులో లేదు కాబట్టి. అప్పటికి హిరోషిమా గడిచి మూడు రోజులు. ఆ ఉదయం సోవియట్ సేనలు మంచూరియాలోకి దిగాయి, టోక్యోలో యుద్ధ మండలి లొంగిపోవడం గురించి తర్జనభర్జన పడుతోంది. రెండో బాంబు మోసిన విమానం బాక్స్‌కార్ ముందు కొకురా మీదికి వెళ్లింది. ఒక పంపు పనిచేయక సుమారు 600 గ్యాలన్ల ఇంధనం వాడుకోలేని స్థితిలో ఉంది. కొకురా మీద పొగ, మసక. మూడుసార్లు తిరిగినా గురి కనపడలేదు, అక్కణ్ణుంచి నాగసాకికి మళ్లించారు. ఉదయం 11:02. ఉరకామి లోయ మీద పేలింది, అనుకున్న చోటికి దాదాపు 3 కిలోమీటర్ల దూరంలో. సుమారు 70,000 మంది పోయారు.

మర్నాడు, ఆగస్టు 10న గ్రోవ్స్ మార్షల్‌కి ఒక మెమో పంపాడు. తయారీలో నాలుగు రోజులు కలిసొచ్చాయి, తర్వాతి బాంబు 17 లేదా 18 తర్వాత వాతావరణం అనుకూలించిన మొదటి రోజే వేయడానికి సిద్ధమవుతుంది అని. అప్పటిదాకా నడిచిన పద్ధతిలోనే రాశాడు. మార్షల్ దాని కిందే చేత్తో ఒక వాక్యం రాశాడు: అధ్యక్షుడి స్పష్టమైన అనుమతి లేకుండా దీన్ని జపాన్ మీద వేయకూడదు.

అదే రోజు కేబినెట్ సమావేశంలో ట్రూమన్ అణుబాంబులు ఆపమని చెప్పినట్టు తెలిపాడు. ఇంకో లక్షమందిని తుడిచిపెట్టడం తలుచుకుంటేనే భరించలేకుండా ఉందని, 'ఆ పిల్లలందరినీ' చంపడం ఇష్టం లేదని అన్నట్టు మంత్రి హెన్రీ వాలెస్ డైరీలో ఉంది. ముందు రోజు రాత్రే రేడియోలో హిరోషిమాను సైనిక స్థావరం అన్న మనిషి ఆయన. ఈ రెండింటి మధ్య ఆయనకు ఏం తెలిసింది, ఏ ఫొటో చూశాడు, ఏ రిపోర్టు చదివాడు అని నేను చాలాసార్లు ఆలోచించాను.

సైన్యం మాత్రం లెక్కలు ఆపలేదు. ఆగస్టు 13న జనరల్ హల్ గ్రోవ్స్ కింద పనిచేసే ఒక కల్నల్‌తో ఫోన్లో మాట్లాడాడు. రాబోయే బాంబుల్ని ఎప్పటికప్పుడు వేసేయాలా, లేక నవంబరులో జపాన్ తీరంలో దిగేటప్పుడు సైన్యానికి దారి చేయడానికి దాచి ఒక్కసారిగా వాడాలా అని. అక్టోబరు చివరికి ఏడు ఉండొచ్చని జవాబు. పేలిన చోటికి సొంత సైనికుల్ని రెండు మూడు రోజుల్లో పంపొచ్చా అన్న చర్చ కూడా జరిగింది. రేడియేషన్ గురించి వాళ్ల అవగాహన అక్కడుంది.

నా మనసు మాత్రం ఆ తేదీ మార్పు దగ్గరే ఆగిపోతుంది. లొంగిపోతామన్న జపాన్ కబురు ఆగస్టు 10 ఉదయం వాషింగ్టన్‌కి తెలిసింది. బాంబు విమానాలు బయల్దేరే టినియన్ దీవిలో అప్పుడు 10వ తేదీ రాత్రి. 11నే వేయాలన్న పాత ప్రణాళిక మారకుండా ఉంటే, ఆ సమయానికి బాక్స్‌కార్ ఇంకా నేల మీదే ఉండేది.