జువ్వి మొక్కకు రాయి

రాతి మీద వేళ్లు పాకేలా కుండీలో పెంచే మరుగుజ్జు చెట్టుకి, అంటే బోన్సాయ్‌కి, మొక్క కంటే మంచి రాయి దొరకడమే కష్టం. మన విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ అనే రాయి. గార్నెట్ అనే ఎర్ర ఖనిజం చుక్కలతో ఎర్రగా భలే ఉంటుంది. కానీ ఎండకీ వానకీ నానిన ముక్కైతే గోరుతో గీకినా పొడి రాలుతుంది. జువ్వి వేళ్లు బిగిశాక రాయి పగిలితే ఇక మార్చలేం. అందుకే సుత్తితో తట్టి చూస్తాను, ఖంగుమంటేనే తీసుకుంటాను.

నున్నటి గులకరాళ్లు నాకు నచ్చవు, వేరుకు పట్టు దొరకదు. పైనుంచి కిందిదాకా దిగే గాడి ఒక్కటైనా ఉండాలి, చిటికెన వేలు ఇరుక్కునేంత లోతుగా. రుషికొండ తీరంలో అలాంటివి కనిపిస్తాయి గానీ, వాటికి పట్టిన ఉప్పు వేళ్లకు పడదు.

మధురవాడలో పునాది తవ్వుతున్న చోట మేస్త్రీనడిగి ఒక నల్లరాయి తెచ్చుకున్నాను. వేళ్లను గాడిలో పరిచి, పాలిథిన్ చుట్టి, మట్టిలో పాతాను. వచ్చే ఏడాది వానలయ్యేదాకా కదపను.