పాటల విడుదలకి బార్‌కోడ్: ఆ నంబర్ ఎవరి పేరు మీద ఉంది?

సొంతంగా పాటలు చేసుకుని విడుదల చేసేవాళ్ళు మిక్సింగ్ దగ్గర నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుంటారు, కవర్ మీద అక్షరాల కోసం గొడవలు పడతారు, తీరా అప్‌లోడ్ పేజీలో యూపీసీ (అంటే బార్‌కోడ్ నంబర్) అని ఒక ఖాళీ గడి కనపడగానే ‘ఫ్రీ బార్‌కోడ్’ అని వెతికి మొదట దొరికినదాన్ని పెట్టేస్తారు. చిక్కంతా అక్కడే.

ఆ ఫ్రీ జనరేటర్లు చేసేది బొమ్మ గీయడం, అంతే. మీరు ఏ 11 అంకెలు ఇచ్చినా 12వది, అంటే చెక్ డిజిట్, లెక్కగట్టి గీతలు గీసిచ్చేస్తాయి. స్కానర్ కూడా దాన్ని కిక్కురుమనకుండా చదివేస్తుంది. కానీ ఆ అంకెలు అప్పటికే ఏ సబ్బు కంపెనీవో, ఇంకొకరి ఆల్బమ్‌వో అయి ఉండొచ్చు. చెక్ డిజిట్ పట్టుకునేది అంకెలు తప్పు పడితేనే, అవి మీవా కాదా అన్నది దానికి పట్టదు.

నంబర్లు అసలు పుట్టేది జీఎస్‌వన్ అనే, బార్‌కోడ్ నంబర్లు కేటాయించే అంతర్జాతీయ సంస్థ దగ్గర. వందకు పైగా దేశాల్లో దీనికి సభ్య సంస్థలున్నాయి. సభ్యత్వం తీసుకుంటే మీ పేరు మీద ఒక ప్రిఫిక్స్, అంటే నంబర్ మొదట్లో వచ్చే కొన్ని అంకెలు, ఇస్తారు, దాని వెనక మీ వస్తువుల అంకెలు మీరు వేసుకుంటారు. 12 అంకెలుంటే యూపీసీ, 13 ఉంటే ఈఏఎన్. యూపీసీ ముందు ఒక సున్నా పెడితే అదే ఈఏఎన్ అవుతుంది కాబట్టి ఏది తీసుకోవాలా అని టెన్షన్ పడక్కర్లేదు.

మరి అందరూ జీఎస్‌వన్‌కే వెళ్ళాలా? అక్కర్లేదు. మీ పాట స్ట్రీమింగ్‌కి మాత్రమే వెళ్తుంటే, దాన్ని ఆ యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే కోడ్ పెట్టేసుకోండి, వేరే ఆలోచన వద్దు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ లాంటివి విడుదలతో పాటే ఒక యూపీసీ కేటాయిస్తాయి. ఆ ప్రిఫిక్స్ మీది కాదన్న మాట నిజమే, కానీ డిజిటల్ విడుదలకి దానివల్ల వచ్చే నష్టం ఏమీ కనపడదు. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా మీరు జాగ్రత్తగా వెంట తీసుకెళ్ళాల్సింది ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌లని. యూపీసీ మొత్తం విడుదలది, ఐఎస్‌ఆర్‌సీ ఒక్కొక్క రికార్డింగ్‌ది. ఈ రెండిటినీ కలిపేసుకుని, కొత్త చోట కొత్త ఐఎస్‌ఆర్‌సీలు వేయించుకుని, ఉన్న ప్లే కౌంట్ పోయిందని లబోదిబోమనేవాళ్ళు చాలామందే ఉన్నారు.

సీడీ, ఎల్‌పీ, క్యాసెట్ అచ్చు వేస్తే మాత్రం కథ వేరు. ఒకే ఆల్బమ్ అయినా ఒక్కో ఫార్మాట్‌కి ఒక్కో నంబర్ ఉండాలి, ఎందుకంటే దుకాణం కంప్యూటర్‌కి నంబర్ తప్ప మీ పాట గురించి ఇంకేమీ తెలియదు, సీడీకీ ఎల్‌పీకీ ఒకటే కోడ్ వేస్తే స్టాక్ లెక్క అక్కడే తారుమారవుతుంది. అమెరికాలో 1991లో సౌండ్‌స్కాన్‌గా మొదలై ఇప్పుడు లూమినేట్ పేరుతో నడుస్తున్న అమ్మకాల లెక్క కూడా ఈ కోడ్ ఆధారంగానే సాగుతుంది. అదే ఆల్బమ్‌కి ఇంకో రెండు పాటలు చేర్చి డీలక్స్ ఎడిషన్ తెచ్చినా కొత్త నంబరే. ఇలా రకరకాలుగా వరసగా విడుదలలు చేసే ఆలోచన ఉంటే సొంత ప్రిఫిక్స్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. కచేరీ అయ్యాక బల్ల మీద పెట్టి అమ్ముకునే సీడీకైతే అసలు బార్‌కోడే అవసరం లేదు, వెనక అట్ట మీద ఆ చోటు ఇంకో ఫొటోకి వాడుకోండి.

ఇక చవగ్గా కోడ్‌లు అమ్మే రీసెల్లర్లు. వీళ్ళంతా దొంగలేం కాదు. ఇప్పటి జీఎస్‌వన్ యూఎస్ ఒకప్పుడు యూనిఫామ్ కోడ్ కౌన్సిల్. ఆ రోజుల్లో ఒకసారి డబ్బు కట్టి ప్రిఫిక్స్ తీసుకుంటే సరిపోయేది. తర్వాత ఏటా రెన్యువల్ ఫీజు అనేసరికి పాత సభ్యులు కోర్టుకెక్కారు, చివరికి ఆగస్టు 2002కి ముందు చేరినవాళ్ళకి ఆ ఫీజు తప్పింది. అలాంటి ప్రిఫిక్స్‌ల కింద మిగిలిన నంబర్లే ఇప్పుడు విడివిడిగా అమ్ముడవుతున్నాయి. నంబర్ అసలుదే, కాకపోతే జీఎస్‌వన్ రికార్డులో పాత కంపెనీ పేరే ఉంటుంది. వెరిఫైడ్ బై జీఎస్‌వన్ అనే వెతుకులాట పేజీలో కొట్టి చూస్తే తెలిసిపోతుంది. అమెజాన్ లాంటి చోట్ల నంబర్‌ని జీఎస్‌వన్ డేటాతో పోల్చి చూస్తారు, పేరు కలవకపోతే తిరస్కరించే అవకాశం ఉంది. కొనే ముందు మీ సరుకు ఎక్కడికి వెళ్తుందో ఆలోచించుకోండి, కొంటే ఆ నంబర్ మీకొక్కరికే ఇచ్చినట్టు కాగితం తీసుకోండి.

అచ్చు దగ్గర చెడగొట్టేవాళ్ళకీ కొదవ లేదు. ఎరుపు గీతలు వేయకండి, చాలా స్కానర్లు ఎర్ర వెలుతురుతోనే చదువుతాయి కాబట్టి వాటికి ఎరుపు, తెలుపు ఒకటే. అసలు కొలతలో 80 శాతం కంటే కుదించకూడదు, అటూ ఇటూ వదలాల్సిన ఖాళీని వదలాలి (డిజైనర్లకి ఆ ఖాళీ చూస్తే చేయి దురద పెడుతుంది, అదేంటో). ప్రూఫ్‌ని అసలు సైజులో ప్రింట్ తీసి స్కాన్ చేసి చూడండి. ఫోన్ కెమెరా చదివేసిందని ఊరుకోకండి, దుకాణాల్లో వాడే స్కానర్ ఎవరి దగ్గరైనా దొరికితే దానితోనే చూడండి.