ఎవరి పోలిక?

బ్రిటన్‌లోని లీడ్స్‌లో నవజాత శిశువుల వార్డులో నర్సుగా చేరి ఏడేళ్లయింది. బిడ్డ పోయిన రాత్రి తల్లిదండ్రుల పక్కన కూర్చోవడం కూడా అక్కడ మా డ్యూటీలో భాగమే. మొదటిసారి కూర్చున్నప్పుడు నాకు భయం వేసింది. చల్లగా ఉంచే చిన్న తొట్టె ఒకటి ఉంటుంది. అందులో పడుకోబెడితే బిడ్డను ఒకటి రెండు రోజులు తల్లి పక్కనే ఉంచవచ్చు. హైదరాబాదులో చదువుకుని వెళ్లిన నాకు అది క్రూరంగా తోచింది. "తల్లికి చూపించకండి, ఇక మరిచిపోలేదు" అనే మాట వింటూ పెరిగినదాన్ని. ఆ రాత్రి ఆ తల్లి బిడ్డకు స్వెటరు తొడిగి గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. నేను పాదానికి సిరా అద్ది కాగితం మీద ముద్ర తీశాను. నా బొటనవేలంత కూడా లేదు. భార్యాభర్తలిద్దరూ దాన్ని చాలాసేపు చూశారు. తెల్లవారాక ఆమే తొట్టెను నా వైపు జరిపింది, ఇక తీసుకెళ్లమని.

మొన్న నవంబరులో సెలవు మీద మల్కాజిగిరి వచ్చేసరికి, చెల్లెలి కడుపులో బిడ్డ పోయి తొమ్మిది రోజులు. ఎనిమిదో నెల. అది మగతలో ఉండగానే ఆసుపత్రివాళ్లు బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి మరిది చేతికిచ్చారు. సాయంత్రంలోగా పూడ్చిపెట్టి వచ్చారు. పేరు పెట్టలేదు. "చిన్న వయసే కదా, మళ్లీ పుడతారులే" అని వచ్చినవాళ్లందరూ అన్నారట. వాళ్లంతా దాని మేలు కోరేవాళ్లే.

మూడోరోజు పాలు పడ్డాయి. పడతాయని దానికి ఎవరూ చెప్పలేదు. జాకెట్టు తడిసిపోతే స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చిందని అమ్మ చెప్పింది. నాకు ఒళ్లు మండింది. పాలు ఆపడానికి మాత్రలున్నాయి. అందరికీ సరిపడవు, డాక్టరు చూసి ఇవ్వాలి. లీడ్స్‌లో అయితే ఇంటికి పంపేముందే ఈ సంగతి చెబుతాం. ఆ పాలు దానం చేస్తామనే తల్లులూ ఉంటారు. ఒక్క మాట ముందుగా చెప్పడానికి ఏం ఖర్చవుతుంది?

మరిది నాలుగో రోజునే ఉద్యోగానికి వెళ్లాడు. బ్రిటన్‌లో 24 వారాలు నిండాక ఇలా జరిగితే, ఉద్యోగం చేసే తండ్రికీ రెండు వారాల సెలవు 2020 ఏప్రిల్ నుంచి చట్టంలోనే ఉంది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2022లో 60 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చారు. చాలా మంచి పని. తండ్రి ఊసు మాత్రం అందులో లేదు.

ఒక రాత్రి చెల్లెలు నా పక్కన పడుకుని అడిగింది: "అక్కా, వాడికి జుట్టు ఉండి ఉంటుందా?"

బిడ్డను చూసింది మరిది ఒక్కడే. మర్నాడు అతను అన్నం తింటుండగా, పేరు పెట్టని బిడ్డ విషయంలో అక్కడ మేం అడిగేదే అడిగాను. "బాబు ఎవరి పోలిక?"

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఇప్పుడవన్నీ ఎందుకే" అంది అమ్మ వంటింట్లోంచి.

అతను గోడవైపు చూస్తూ చెప్పాడు. "ఒత్తయిన జుట్టు, వదినా. గోళ్లు కూడా పెరిగాయి. ఎడమ చెవి తమ్మె కాస్త మడతపడి ఉంది, అచ్చం ఈమెకు ఉన్నట్టే."

చెల్లెలి చెయ్యి తన చెవి మీదికి పోయింది. "నాకెందుకు చెప్పలేదు?"

"తట్టుకోలేవన్నారు."

"బరువుగా ఉన్నాడా? ఏ చేత్తో ఎత్తుకున్నారు?"

నేను అమ్మను తీసుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను.