మెయిన్స్‌లో మానసిక ఆరోగ్యం: ఉద్యోగం చేస్తూ ఈ అంశాన్ని నేను చదివిన తీరు

సివిల్ సర్వీసెస్ మెయిన్స్ సిలబస్‌లో మానసిక ఆరోగ్యానికి విడిగా ఒక శీర్షిక లేదు. అందువల్లనే చాలామంది అభ్యర్థులు దీన్ని కరెంట్ అఫైర్స్‌లో ఒక పేజీగా చదివి వదిలేస్తారు. నిజానికి ఈ ఒక్క అంశం జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో పట్టణీకరణ, కుటుంబ వ్యవస్థలోని మార్పుల దగ్గర, రెండో పేపర్లో ఆరోగ్యం, బలహీన వర్గాల రక్షణకు ఉద్దేశించిన చట్టాల దగ్గర, మూడో పేపర్లో ఉపాధి దగ్గర, నాలుగో పేపర్లో ఉద్వేగ ప్రజ్ఞ, పని సంస్కృతి దగ్గర తగులుతుంది. వ్యాసం పేపర్ సంగతి చెప్పనక్కర్లేదు. ఉద్యోగం చేస్తూ తెలుగు మాధ్యమంలో సిద్ధమైన నాకు చదువుకోవడానికి దొరికే సమయం తక్కువ కాబట్టి, ఒకసారి చదివితే నాలుగు చోట్ల అక్కరకు వచ్చే అంశాలను ముందుగా ఏరుకున్నాను. వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినది ఇదే.

మా బృందంలో ఒకరి జవాబులు మరొకరు దిద్దుకునేవాళ్లం. పని ప్రదేశంలో మానసిక ఒత్తిడికి కారణాలు, నివారణ చర్యలు చర్చించమన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం యోగా, ధ్యానం, కుటుంబంతో గడపడం, సానుకూల దృక్పథం అనే మాటల దగ్గరే ఆగిపోయేవి. అవి తప్పుడు మాటలేమీ కావు. ఒక మిత్రుడు మరొక మిత్రుడికి చెప్పదగిన మంచి సలహాలే. కానీ ప్రశ్న అడుగుతున్నది రేపు ఒక కార్యాలయాన్ని నడపబోయే మనిషిని. ఆ మనిషి పని గంటలను, ఖాళీ పోస్టులను, సెలవు మంజూరును, ఫిర్యాదుల విచారణను తన చేతిలో పెట్టుకుని కింది ఉద్యోగికి ధ్యానం చేసుకోమని చెబితే, బాధ్యత మొత్తం బాధపడుతున్నవాడి మీదికే నెట్టినట్టు అవుతుంది. కాబట్టి ఈ అంశం మీద ఏ ప్రశ్న వచ్చినా ముందుగా పనిని ఏర్పాటు చేసిన తీరును, తరువాత చట్టాన్ని, ఆ తరువాత సేవలను, చివరగా వ్యక్తి చేసుకోగలిగినదాన్ని రాయాలని నియమం పెట్టుకున్నాను.

నిర్వచనాల మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం మానసిక ఆరోగ్యమంటే జీవితంలోని ఒత్తిళ్లను తట్టుకుంటూ, తన శక్తిసామర్థ్యాలను గుర్తించి, బాగా నేర్చుకుంటూ, బాగా పనిచేస్తూ, తన సమాజానికి తోడ్పడగలిగే స్థితి. జబ్బు లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదన్న మాట ఆ సంస్థ రాజ్యాంగంలో 1948 నుంచీ ఉన్నదే. అయితే ఒత్తిడి, బర్నౌట్, రుగ్మత అనే మూడింటినీ కలిపేయకుండా జాగ్రత్త పడాలి. ఒత్తిడి అందరికీ ఉంటుంది; కారణం తొలగితే చాలావరకు తగ్గుతుంది. బర్నౌట్‌ను అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు జబ్బుగా లెక్కించలేదు. సరిగా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే వృత్తిపరమైన స్థితిగా పేర్కొని, దానికి శక్తి హరించుకుపోవడం, పని పట్ల విముఖత, పనిలో సామర్థ్యం తగ్గడం అనే మూడు లక్షణాలను చెప్పింది. కుంగుబాటు, ఆందోళన రుగ్మత వంటివి వైద్యం అవసరమైన జబ్బులు. ఈ తేడా రెండు వాక్యాల్లో రాస్తే చాలు, మీరు విషయం తెలిసి రాస్తున్నారని దిద్దేవారికి అర్థమవుతుంది.

నేను ఎక్కువ సేపు ఆగింది పనికీ మనసుకీ ఉన్న సంబంధం దగ్గర. 1979లో అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ కారసెక్ ప్రతిపాదించిన నమూనా ఇక్కడ చాలా పనికివస్తుంది. పని భారం ఎంత ఉన్నదనేది ఒక్కటే కాకుండా, ఆ పనిని ఎలా, ఎప్పుడు, ఏ వరుసలో చేయాలో నిర్ణయించుకునే వీలు ఎంత ఉన్నదనేది కూడా చూడాలని ఆయన అన్నాడు. భారం ఎక్కువగా ఉండి, నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్న ఉద్యోగాలే మనిషిని ఎక్కువగా అలసిపోయేలా చేస్తాయి. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం దీనికి తోడు నిలుస్తుంది. బాధ్యతల బరువు మోసే పై అధికారులకే గుండె జబ్బులు ఎక్కువని అందరూ అనుకుంటున్న కాలంలో, ఆ జబ్బుల వల్ల మరణించే అవకాశం అట్టడుగు హోదాల్లోనే ఎక్కువని అది చూపింది. 1985లో మొదలైన రెండో అధ్యయనం పని మీద అదుపు లేకపోవడాన్ని కారణాల్లో ఒకటిగా గుర్తించింది. ప్రభుత్వోద్యోగం కోసం చదువుతున్న మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? పాలనా సంస్కరణల ప్రశ్నలోనూ నేను దీన్ని వాడుకున్నాను.

అంతర్జాతీయ గణాంకాల్లో రెండు గుర్తుంటే చాలు. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 1,200 కోట్ల పని దినాలు నష్టపోతున్నామని, ఆ నష్టం విలువ దాదాపు లక్ష కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ఆ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. వారానికి ఎన్ని గంటలు పనిచేయాలన్న చర్చ మన దేశంలో లేచినప్పుడల్లా ఈ రెండో సంఖ్య అవసరపడుతుంది.

పని ప్రదేశం అనగానే మన కళ్ల ముందు మెదిలేది అద్దాల మేడ, కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగి. దేశంలోని శ్రామికుల్లో అత్యధికులు అసంఘటిత రంగంలో ఉన్నారు. వారికి మానవ వనరుల విభాగం ఉండదు, జీతంతో కూడిన సెలవు ఉండదు, కౌన్సెలర్ అసలే ఉండడు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదికలో ఆత్మహత్యల వల్ల చనిపోయినవారిని వృత్తుల వారీగా చూస్తే దినసరి కూలీలు 26.4 శాతంతో మొదటి స్థానంలో ఉన్నారు. ఆ శాతాన్ని బట్టి కూలి పనే కారణమని తేల్చకూడదు; అప్పు, అనారోగ్యం, కుటుంబ కలహం, మద్యం ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. కానీ మానసిక ఆరోగ్యాన్ని నగరాల్లోని ఉద్యోగుల సమస్యగా మాత్రమే రాసిన జవాబు సగం దేశాన్ని వదిలేసినట్టేనని చెప్పడానికి అది చాలు.

చట్టం దగ్గరకు వస్తే, 1912 నాటి చట్టం, 1987 నాటి చట్టం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అనే వరుసను ఒక్క వాక్యంలో చెప్పి, మూడోదాని దగ్గర ఆగాలి. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించడమే ఈ కొత్త చట్టానికి ప్రేరణ. అందరూ రాసే 115వ సెక్షన్, అంటే ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి శిక్షించకూడదన్న నిబంధన, తప్పకుండా రాయవలసినదే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ లేదని, అయితే ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ నుంచి ఆపే ఉద్దేశంతో చేసే ప్రయత్నం మాత్రం 226వ సెక్షన్ కింద నేరంగా మిగిలిందని కలిపితే ఆ జవాబు నిండుగా ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని 3వ సెక్షన్. ఒక వ్యక్తి తన సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సాంఘిక, సాంస్కృతిక, రాజకీయ విలువలకు లేదా పనికి సంబంధించిన విలువలకు ఒదగలేదన్న కారణంతో అతనికి మానసిక రుగ్మత ఉన్నదని నిర్ధారించకూడదని అది చెబుతుంది. పై అధికారికి ఎదురు చెప్పినవాడిని, అందరితో కలవనివాడిని "కొంచెం తేడా మనిషి" అని ముద్ర వేసే కార్యాలయాలకు ఈ సెక్షన్‌ను పెద్ద అక్షరాలతో గోడకు అంటించాలని నాకు అనిపిస్తుంది. అలాగే మానసిక రుగ్మతకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా వర్తింపజేయాలన్న 21వ సెక్షన్, గోప్యతకు హామీ ఇచ్చే 23వ సెక్షన్ పని ప్రదేశానికి నేరుగా సంబంధించినవి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్‌ను కూడా చదవండి. సర్వీసులో ఉండగా వైకల్యానికి గురైన ప్రభుత్వోద్యోగిని తొలగించడం, హోదా తగ్గించడం కుదరదని అది చెబుతుంది; ఆ చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక రుగ్మత కూడా ఉంది. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం నష్టపరిహారం నిర్ణయించేటప్పుడు బాధితురాలి మానసిక వేదనను లెక్కలోకి తీసుకోమంటుంది. దీన్ని మానసిక ఆరోగ్యపు జవాబులో రాసేవారు తక్కువ.

చట్టం ఇంత ఉదారంగా ఉన్నా సేవలు అందవెందుకని అడిగితే 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దగ్గరకు వెళ్లాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్‌హాన్స్ నిర్వహించిన ఆ సర్వే వయోజనుల్లో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా స్థాయి కార్యక్రమం, 2022 అక్టోబర్ 10న 14416 నంబరుతో టెలీ మానస్ అనే ఫోన్ సహాయ సేవ వచ్చాయి. వైద్యుల కొరత ఒక కారణమైతే, బయటికి చెప్పుకోలేకపోవడం మరొకటి.

ఈ రెండో కారణానికి పుస్తకాల్లో ఉదాహరణ వెతకనవసరం లేకపోయింది. ఏ కార్యాలయంలోనైనా సెలవు చీటీల కట్టను తిరగేసి చూడండి. జ్వరం, కడుపునొప్పి, నడుం నొప్పి, దగ్గరి బంధువుల ఇంట శుభకార్యం అని ఉంటాయి. రాత్రంతా నిద్ర పట్టలేదని, మనసు బాగోలేదని, మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాలని రాసిన చీటీ నా ఉద్యోగ జీవితంలో ఒక్కటీ నా కంట పడలేదు. అలాంటి కారణం ఎవరికీ లేక కాదు. రాస్తే ఆ కాగితం సర్వీసు రిజిస్టరు కంటే ఎక్కువ కాలం కార్యాలయం నోళ్లలో నానుతుందని అందరికీ తెలుసు. కళంకం గురించి రాయవలసిన చోట నేను నిర్వచనానికి బదులు ఈ చీటీ సంగతే రాసేవాణ్ని.

ఇక నాలుగో పేపరు. 250 మార్కుల్లో 120 కేస్ స్టడీలకే ఉంటాయి కాబట్టి నేను సాధన చేసిన ఒకదాన్ని కొంచెం వివరంగా చెబుతాను. మీరు ఒక జిల్లా కార్యాలయానికి అధిపతి. పింఛను సెక్షన్‌లో ఎన్నో ఏళ్లుగా మంచి పేరున్న జూనియర్ అసిస్టెంట్ కొన్ని నెలలుగా ఆలస్యంగా వస్తున్నాడు, ఎవరితోనూ మాట్లాడడం లేదు, ఫైళ్లు పేరుకుపోయాయి. విశ్రాంత ఉద్యోగులు రోజూ వచ్చి తిరిగి వెళుతున్నారు. సూపరింటెండెంట్ ఛార్జి మెమో, అంటే అభియోగ పత్రం, ఇవ్వమంటున్నాడు. సహోద్యోగులు అతను తాగుతున్నాడని గుసగుసలాడుతున్నారు.

చాలామంది జవాబు కరుణ, క్రమశిక్షణ అనే రెండు కొసల మధ్య ఊగుతుంది. ఇక్కడ పింఛనుదారులకూ, ఆ ఉద్యోగికీ ఇద్దరికీ అన్యాయం జరుగుతున్నదని ముందు గుర్తించాలి. అందుకే ఆ రోజే ఫైళ్లను వయసు, అత్యవసరం చూసి మరొకరికి అప్పగించడం మొదటి పని. పింఛనుదారుణ్ని వేచి ఉంచి ఉద్యోగి మీద దయ చూపడం న్యాయం అనిపించుకోదు. రెండో పని అతనితో ఏకాంతంగా మాట్లాడడం. "నీకు ఏమైంది?" అని నిలదీయకుండా, "ఇదివరకు మీ పని నేను చూశాను, ఈ మధ్య కష్టంగా ఉన్నట్టుంది, ఇక్కడ మేం మార్చగలిగింది ఏమైనా ఉన్నదా?" అని అడిగితే మాట సాగుతుంది. జబ్బు పేరు అడగకూడదు, మనమే నిర్ధారించకూడదు. పక్క సీటు ఎంతకాలంగా ఖాళీగా ఉంది, దాని పని ఎవరి నెత్తిన పడింది అన్నది రికార్డులో చూడాలి; కారసెక్ చెప్పింది ఇక్కడే పనికివస్తుంది. అతను ఒప్పుకుంటే వైద్య సలహాకు, సెలవుకు వీలు కల్పించాలి, ఆ సంగతిని గోప్యంగా ఉంచాలి. గుసగుసలను సూపరింటెండెంట్ ద్వారా ఆపించాలి. ఇన్ని చేసినా నిర్ణీత కాలంలో మార్పు లేకపోతే, లేదా లంచం కోసమే ఫైళ్లు ఆపినట్టు ఆధారం దొరికితే, నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి. ఈ చివరి వాక్యం లేని జవాబు మెత్తగా కనిపిస్తుంది.

ఈ చదువు మన మీదికి కూడా తిరగక తప్పదు. పోటీ పరీక్షల అభ్యర్థి పరిస్థితి కారసెక్ నమూనాలోని ఎక్కువ భారం, తక్కువ అదుపు గడికి సరిగ్గా సరిపోతుంది: నోటిఫికేషన్ తేదీ మన చేతిలో లేదు, కటాఫ్ లేదు, ఫలితం అసలే లేదు. కాబట్టి అదుపు ఉన్న వాటినే నేను గట్టిగా పట్టుకున్నాను. నిద్ర వేళను చదువు కోసం కత్తిరించలేదు, ఎందుకంటే నిద్ర తగ్గిన మరుసటి రోజు కార్యాలయంలోనూ, పుస్తకం ముందూ చేసిన పని రెండూ చెడేవి. చదవవలసిన గంటలను లక్ష్యంగా పెట్టుకోకుండా, ఆ రోజు రాయవలసిన జవాబులను లక్ష్యంగా పెట్టుకున్నాను. ఫలితాల రోజుల్లో అభ్యర్థుల గ్రూపులను మ్యూట్ చేశాను. వారాంతంలో ఒక పూట పరీక్ష మాట ఎత్తని మనుషులతో గడిపాను. ఇది విలాసంగా కనిపించినా, ఇంట్లోవాళ్ల ముఖాల్లో పరీక్ష తప్ప మరేదీ కనిపించని స్థితికి చేరినవారిని చూశాక దీన్ని వదులుకోలేదు.

వీటితో తగ్గనివీ ఉంటాయి. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండడం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర లేదా ఆకలి బాగా మారిపోవడం, తాను ఎవరికీ పనికిరానన్న ఆలోచన పదేపదే రావడం పట్టుదలతో అధిగమించవలసిన బద్ధకం కాదు. అవి వైద్యుడికి చూపించుకోవలసిన లక్షణాలు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగనక్కర్లేదు. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. 2025 జూలైలో సుప్రీంకోర్టు మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెబుతూ, కోచింగ్ కేంద్రాలతో సహా విద్యాసంస్థలకు మార్గదర్శకాలు జారీ చేసింది. నూరు మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ లేదా మనస్తత్వ నిపుణుడు ఉండాలన్నది వాటిలో ఒకటి. మీరు ఫీజు కట్టిన కేంద్రంలో ఆ ఏర్పాటు ఉన్నదో లేదో అడిగే హక్కు మీకుంది. రెండో పేపర్లో ఆ తీర్పును ఉదాహరించే హక్కు ఎలాగూ ఉంది.

గణాంకాల విషయంలో ఒక జాగ్రత్త. జాతీయ సర్వే శాతాలు పదేళ్ల కిందటివి, కోవిడ్‌కు ముందువి; కాబట్టి వాటిని వాడినప్పుడల్లా 2015-16 అని పక్కనే రాయండి. నేర గణాంకాల సంస్థ నివేదికలో వృత్తుల పట్టికను, కారణాల పట్టికను వేర్వేరుగా చదివి, కొత్త సంచిక వచ్చినప్పుడు మీ నోట్సులో ఆ అంకెలను మాత్రమే మార్చుకోండి.