మారిషస్‌ల మా అమ్మ చేసిన ఉగాది

"అక్కా, ఈడ ఉగాదికి సర్కారు సెలవు" అని మా తమ్ముడు ఫోన్ల చెప్తే ముందుగాల నేను నమ్మలే. మన మహబూబ్‌నగర్ల ఉగాదికి సెలవిస్తరు సరే, ఎక్కడో హిందూ మహాసముద్రం నడుమ మ్యాపుల చుక్క లెక్క కనబడే మారిషస్‌ల మన పండుగకు ఆఫీసులు బడులు బంద్ పెట్టుడేంది అనుకున్న. వాడు అక్కడ ఎబెన్ అనే కాడ సాఫ్ట్‌వేర్ పని చేస్తడు, మరదలు కూడా ఆడనే ఉంటది. 2024ల ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం నాడు పడ్డది, అమ్మను తీస్కొని పండుగకు రా అక్కా అని ఒకటే పట్టు పట్టిండు. పిల్లల పరీక్షలు కాలేదని మా ఆయన ఇంటికాడ ఉంటనన్నడు, ఇగ నేను అమ్మ ఇద్దరమే బయలెల్లినం. మనోళ్లు టూరిస్టులుగ పోతే ముందే వీసా తీస్కునే పని లేదు, దిగినంక రిటర్న్ టికెట్టు, ఉండే కాడి అడ్రస్ చూపిస్తే స్టాంప్ కొట్టి పంపిస్తరు. హైదరాబాద్ నుంచి బొంబాయి, ఆడికెల్లి ఆరు గంటల పైన ప్రయాణం. గడియారం మాత్రం మనకంటే గంటన్నర వెనుక నడుస్తది, ఆ సంగతి మళ్ల చెప్త.

అమ్మకు అరవై ఆరేండ్లు. కృష్ణ చూసింది, శ్రీశైలం నీళ్లు చూసింది, సముద్రం మాత్రం చూడలే. మొదటి పొద్దున తమ్ముడు బ్లూ బే అనే బీచ్‌కు తోల్కపోయిండు. నేను పెద్ద పెద్ద అలలొస్తయి, అమ్మ భయపడ్తది అనుకున్న, తీరా చూస్తే నీళ్లు చెరువు లెక్క నిమ్మళంగ ఉన్నయి, అలనే లేదు. ఎందుకట్ల అంటే దీవి చుట్టూ దాదాపు అంతటా కొంత దూరంల పగడాలు గోడ కట్టినట్టు పెరిగినయి, పెద్ద అలలు వచ్చి ఆ గోడకే తగిలి తెల్లగ విరిగిపోతయి, లోపటి దిక్కు నీళ్లు లోతు లేకుండ, అడుగున ఇసుక కనబడేటట్టు ఉంటయి. దక్షిణం దిక్కు గ్రి గ్రి అనే కాడ ఆ గోడ లేదు, అక్కడ అలలు సక్కగ వచ్చి నల్లరాతి గట్లకు కొడుతుంటె ఆ సప్పుడుకు మనం మాట్లాడేది మనకే ఇనబడది, ఈత కొట్టద్దని బోర్డు పెట్టిన్రు. రెండు చోట్లా చూస్తేనే ఆ పగడాలు దీవికి ఏం చేస్తున్నయో అర్థమైతది.

బ్లూ బేల అద్దం అడుగున్న పడవ ఎక్కినం. కింద పగడాలు, వాటి సందుల్ల పసుపు చారల చేపలు, నీలం చేపలు. "ఈ రాళ్లేందిరా గిన్ని రంగులున్నయి" అని అమ్మ అడిగితే తమ్ముడు రాళ్లు కాదమ్మా పాణమున్నయి, చిన్న చిన్న జీవాలు కట్టుకున్న ఇండ్లు అని చెప్పిండు, ఇగ అప్పటికెల్లి అమ్మ పడవ అంచు పట్టుకొని వంగి కిందికే చూసుకుంట కూసున్నది. మీరు పోతే నీళ్లల్ల దిగినప్పుడు రబ్బరు బూట్లు ఏస్కోండ్రి, సముద్రపు ముండ్లు గుచ్చుకుంటయి, పగడాల మీద మాత్రం నిలబడకుండ్రి, ఒక్క కాలు పడ్డా విరుగుతయి, మళ్ల పెరగాలంటే ఏండ్లు పడ్తది. తెల్లారి ఇల్ ఒ సెర్ అనే చిన్న దీవికి పోయినం, ఆడ నేను పారాచూట్ కట్టుకొని పడవ ఎనుక గాల్ల ఎగిరిన, శాన బాగుంది, కానీ దాని గురించి చెప్పేది అంతే.

చెప్పాల్సింది ఆ మాపటి సంగతి. ఆదివారం కదా, బీచ్‌ల సరుగుడు చెట్ల కింద ఆ ఊరోళ్లు కుటుంబాలు కుటుంబాలు వచ్చి చాపలు పర్సుకున్నరు, పెద్ద పెద్ద గిన్నెల బిర్యానీ ఇంట్ల నుంచి వండి తెచ్చుకున్నరు. ఒక గుంపుల మగోళ్లు ఎండుపుల్లలతోని చిన్న మంట పెట్టి, గుండ్రంగ పెద్ద జల్లెడంత ఉన్న ఒక వాయిద్యాన్ని ఆ మంట మీద తిప్పుకుంట కాగబెడ్తున్నరు. అమ్మ నా భుజం పట్టి గట్టిగ ఒత్తి "డప్పే! డప్పు కాగబెడ్తున్రు సూడు" అన్నది. దాన్ని రవాన్ అంటరు, మేక తోలుతోని చేస్తరు, తోలు బిగుసుకొని సప్పుడు మంచిగ రావాలంటే కాగబెట్టాలె, మన డప్పుకు చేసే పనే. దాని మీద ఆడే ఆటను సెగా అంటరు, ఆఫ్రికా నుంచి బానిసలుగ తెచ్చినోళ్లు ఈ దీవిల పుట్టించిన ఆట పాట అది, 2014ల యునెస్కో దాన్ని వారసత్వం లిస్టుల పెట్టింది. కాళ్లు ఇసుక మీద నుంచి పెద్దగ లేపరు, జరుపుకుంట జరుపుకుంట నడుమునే ఊపుతరు. ఒకామె వచ్చి అమ్మ చెయ్యి పట్టి గుంజింది, మా అమ్మ పోదనుకున్న, కొంగు నడుముకు దోపుకొని పోయింది. ఆమెకు తెలిసింది బతుకమ్మ అడుగు, వంగి చప్పట్లు కొట్టుకుంట తిరుగుడు, అదే ఏసింది, వాళ్ల రవాన్ దెబ్బకు సరిగ్గ కుదిరింది. నేను వీడియో తీస్తున్ననని మర్చిపోయి ఫోన్ కిందికి దించి చూసుకుంట నిలబడ్డ.

వచ్చేటప్పుడు రోడ్డుకు రెండు దిక్కుల చెరుకు తోటలే. ఆ తోటల నడుమ నల్లటి రాళ్ల కుప్పలు, కొన్నైతే ఇల్లంత ఎత్తు, మెట్లు మెట్లుగ పేర్చి ఉన్నయి. నేను గుళ్లేమో అనుకున్న. ఆ దీవి అగ్నిపర్వతం ఎగజిమ్మిన లావాతోని పుట్టింది కాబట్టి భూమి నిండ రాళ్లే, చెరుకు నాటాలంటే ఆ రాళ్లన్ని ఏరి పక్కకు పెయ్యాలె. "ఎవరేరిన్రు?" అని అడిగింది అమ్మ. మన దేశం నుంచి తెచ్చిన కూలోళ్లు, వాళ్లకు ముందు బానిసలు అని తమ్ముడు చెప్పిండు. అమ్మ కారు ఆపమన్నది. దిగి పోయి ఒక రాయి మీద చెయ్యి పెట్టి బరువు చూసింది. "ఒక్కరు మోసేది కాదు, ఇద్దరు ఎత్తితే మూడో మనిషి నెత్తిన పెట్టుకోవాలె" అన్నది.

పాలమూరు లేబర్ అంటే, మా మహబూబ్‌నగర్ దిక్కు నుంచి పనికి వలస పోయే కూలోళ్లు, మన దిక్కు అందరికి ఎరుకే. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ల అమ్మానాయినలతోని గుంపు మేస్త్రి ఎంబడి శ్రీశైలం డ్యామ్ పనికి పోయింది, పెండ్లయినంక కూడా మూడేండ్లు కాలువల పనికి తిరిగింది. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తోల్కపోతడు, ఇగ ఆ పైసలు తీరేదాక ఉగాదికి ఊరికి వస్తమో రామో మేస్త్రి చేతులనే. ఆ డేరాల దగ్గర అల్యూమినియం గిన్నెల పచ్చడి కలుపుకొని తాగేదట, వేపచెట్టు ఎక్కడుందో ఎతుక్కుంట నాలుగు కోసులు నడిచిన్రట. గా ముచ్చట నాకు ఇంతకుముందెప్పుడు చెప్పలే, ఆ రాళ్ల కుప్ప కాడ చెప్పింది.

సోమవారం పోర్ట్ లూయిస్ పోయినం, ఆప్రవాసీ ఘాట్ చూసేందుకు, మన దేశం కూలోళ్లు ఓడ దిగిన రేవు అది. దేశమంత తిరిగినా ఈ ఒక్కటి చూడకపోతే మనోళ్లు మారిషస్ పోయి చూడనట్టే అని నా అభిప్రాయం. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడల 36 మంది మొదటి కూలోళ్లు దిగిన్రు, బానిసత్వం రద్దు చేస్తుంటె చెరుకు తోటలకు మనుషులు కావాలె కదా, అగ్రిమెంట్ రాయించుకొని మన దేశం నుంచి తెప్పిచ్చుకున్నరు. ఆ తర్వాత 1920 దాక దాదాపు ఐదు లక్షల మంది గా ఘాట్ మీద నుంచే పోయిన్రు. ఇప్పుడు మిగిలింది కొన్ని రాతి గోడలు, ఆస్పత్రి గదులు, వంటగది, ఓడ దిగినోళ్లు ఎక్కిన మెట్లు. 2006ల యునెస్కో గుర్తింపు వచ్చింది. తెలుగోళ్లు ఎక్కువ కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన్రు, గందుకే అక్కడ తెలుగోళ్లకు కోరంగీలు అని పేరు పడ్డది. వాళ్లు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి దిక్కోళ్లు, మన తెలంగాణోళ్లు కాదు, అయినా ఆ మెట్ల కాడ నాకు గొంతు పూడుకపోయింది. అగ్రిమెంట్ ఐదేండ్లని ఆడ రాసింది చదివి చెప్తే "మాకు ఏడాది, వీళ్లకు ఐదేండ్లు, నడుమ సముద్రం" అన్నది అమ్మ. ఇంకేం మాట్లాడలే, ఇంటికొచ్చేదాక.

ఇగ ఉగాది. తమ్ముడి పక్కింట్ల ఒక తెలుగామె ఉంటది, డెబ్బై దాటినయి, ఇంట్ల మాట్లాడేది క్రియోల్ అనే ఆ దీవి భాష, తెలుగు కొద్దికొద్దిగ వస్తది. వాళ్ల ముత్తాత కాయిదం ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకున్నది, ఆయన నంబరు, ఓడ పేరు, జిల్లా అన్నీ ఉన్నయి. మోకా అనే ఊర్ల ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌ల ఆ పాత రికార్డులన్ని దాచిపెట్టిన్రు, కూలోళ్ల మనుమలు ముని మనుమలు ఆడికి పోయి వాళ్ల పెద్దల జాడ ఎతుక్కుంటరు, ఆమె కూడా అట్లనే తెచ్చుకున్నది. బడుల్ల తెలుగు నేర్పుతరు కాబట్టి ఆమె మనుమరాలు మాత్రం పుస్తకం చదివినట్టు తెలుగు మాట్లాడుతది, "మీరు ఏ ఊరి నుండి వచ్చినారు" అని అడిగితే మా అమ్మ "దేవరకద్ర కాడికెల్లి బిడ్డా" అన్నది, ఆ పిల్ల కాసేపు ఆలోచన చేసి "కాడికెల్లి" అని మళ్ల మళ్ల అనుకుంది. 1990ల ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దీవిల్నే జరిగినయి, ఆ ముసలామె అప్పుడు వలంటీరుగ పని చేసిందట, ఆ సంగతి చెప్పుకుంట కండ్లనీళ్లు పెట్టుకుంది.

పచ్చడి కాడ చిక్కొచ్చింది. మనకు ఉగాది అంటే వసంతం, చెట్టుకు మామిడి పిందెలు ఏలాడుతుంటయి. అక్కడ భూమధ్య రేఖకు కింది దిక్కు కదా, కాలం ఉల్టా, ఏప్రిల్‌ల వాళ్లకు ఎండకాలం పోయి చలికాలం దిక్కు పోతుంటది, మామిడి కాయలు నవంబర్ డిసెంబర్ల కాస్తయి. పక్కింటామె ఎన్నో ఏండ్ల సంది చేస్తున్న ఉపాయం చెప్పింది, డిసెంబర్ల పచ్చికాయ ముక్కలు కోసి ఫ్రీజర్ల పెట్టుకుంటదట ఉగాది కోసం. అవి అమ్మకిచ్చింది. చింతపండు దొరికింది, బెల్లం దొరికింది, వేపచెట్టు గుడి కాడ ఉంది, పువ్వు లేదు, లేత ఆకు చిదిమి ఏసినం. వాళ్లు పచ్చడి గట్టిగ చేసి చెంచతోని పెడ్తరు, మా అమ్మ మన లెక్కనే కొత్త కుండల పల్చగ కలిపి, పుట్నాలు కొబ్బరి ఏసి, గ్లాసులతోని తాగిపిచ్చింది. కుండ కోసం మరదలు మూడు దుకాణాలు తిరిగింది, మొక్కలమ్మే కాడ దొరికింది. బచ్చాలు, అదే బొబ్బట్లు, చేస్తుంటె పక్కింటామె చూసి "అయ్యో, ఇది దాల్ పూరీ" అన్నది. క్రియోల్ మాట్లాడేటోళ్లు కూడా అయ్యో అనే అంటరు, దీవి అంతటా ఇనబడ్తది ఆ మాట. దాల్ పూరీ అంటే అక్కడ రోడ్డు పక్కన అందరు తినేది, ఉడకబెట్టిన పప్పు పొడి లోపట పెట్టి పల్చగ ఒత్తి కాల్చి రెండు రెండు కలిపి టమాట కూర, గింజల కూర ఏసి చుట్టి ఇస్తరు. మన బచ్చాన్ని తీపి తీసేసి కూరతోని తిన్నట్టు.

మాపటికి గుడికి పోయినం. నడుమ ఇత్తడి దీపం పెట్టి, ఆడోళ్లు మగోళ్లు దాని చుట్టూ తిరుక్కుంట రామ భజన చేసిన్రు. పాటల్ల మాటలు కొన్ని అరిగిపోయినయి, అర్థం తెలవకుండనే పాడుతున్నరు కొందరు, కానీ వరస తప్పలే, తాళం తప్పలే. మా ఊర్ల చెక్క భజన పాడెటోళ్లు ఇప్పుడు ముసలోళ్లే మిగిలిన్రు, ఈడ పదో తరగతి పిల్లలు పాడుతున్నరు. నాకు సంతోషమైంది, మన ఊరు తల్సుకొని బాధ కూడా అయింది, రెండూ నిజమే. అదే వారంల రంజాన్ కూడా వచ్చింది, దానికి కూడా సెలవే, పక్కింటామె వాళ్ల ముస్లిం దోస్తుల ఇంటికి మా అమ్మ చేసిన బచ్చాలు డబ్బాల పెట్టి పంపింది.

ఇగ మొన్న 2025 ఉగాది, మార్చి 30, ఆదివారం. మా ఇంట్ల పొద్దున ఏడింటికే పచ్చడి తాగుడు అయిపోయింది. అమ్మకు ఆగలేదు, వీడియో కాల్ చెయ్యమన్నది, గంటన్నర వెనుక కదా అమ్మా ఆడ ఇంక ఐదున్నరే, పండుకొని ఉంటరు అంటే ఇనలే. చేస్తే రెండో రింగుకే ఎత్తింది ఆ ముసలామె, అప్పటికే తానం చేసి కుండ ముందల కూసున్నది, పోయినేడాది కుండనే, పసుపు రాసి పెట్టింది. అమ్మ ఫోన్ దగ్గరికి గుంజుకొని గట్టిగ అడిగింది, "మామిడికాయ ఉన్నదా?" అని. ఆమె ఫ్రీజర్ తలుపు తెరిచి చూపిచ్చింది.