ఒక విభక్తి కోసం నిలబడిన బిషప్పు

కీర్తన పఠనం ముగియగానే సంఘమంతా లేచి "తండ్రికి, కుమారునికి, పరిశుద్ధాత్మకు మహిమ కలుగును గాక" అని పలుకుతుంది. ముగ్గురికీ ఒకే విభక్తి, ఒకే మహిమ. ఎన్నడూ ఆగి ఆలోచించకుండా పలికే ఈ వాక్యం వెనుక, 4వ శతాబ్దంలో సరిగ్గా విభక్తుల మీదనే సాగిన ఒక వివాదం ఉంది.

కప్పదొకియలోని కైసరయ (నేటి టర్కీలోని కైసేరి, పేతురు కొర్నేలి ఇంటికి వెళ్లిన కైసరయ వేరు) బిషప్పు బాసిల్, ప్రజలతో కలిసి ప్రార్థించేటప్పుడు "కుమారుని ద్వారా, పరిశుద్ధాత్మలో" తండ్రికి మహిమ అని ఒకసారి, "కుమారునితోను, పరిశుద్ధాత్మతోను కూడ" అని మరొకసారి పలికేవాడు. ఈ రెండవది కొత్త బోధ అనీ, మొదటిదానితో పొసగదనీ అక్కడివారిలో కొందరు తప్పుపట్టారు. ద్వారా, లో అనే మాటలు తక్కువ స్థాయిని సూచిస్తాయని, కాబట్టి ఆత్మను తండ్రి సరసన నిలపకూడదని వారి వాదన. ఈకొనియ బిషప్పు అంఫిలోకియస్ ఈ సంగతి అడిగితే, బాసిల్ 375 ప్రాంతంలో జవాబుగా ఒక గ్రంథమే రాశాడు. రోమా 11:36లో "ఆయన మూలమునను ఆయన ద్వారాను ఆయన నిమిత్తమును" అనే మాటలన్నీ ఒక్కరినే ఉద్దేశించినవి కదా అని చూపాడు. కృప మనకు చేరే తీరును తలచి కృతజ్ఞత చెప్పేటప్పుడు "ద్వారా" తగినది, కుమారుని మహిమను తలచేటప్పుడు "తో కూడ" తగినది అన్నాడు. బాప్తిస్మం ముగ్గురి నామంలోకి పొందాము గనుక అలాగే విశ్వసించాలి, విశ్వసించినట్టే స్తుతించాలి అన్నది ఆయన వాదానికి వెన్నెముక. సాయంకాలం దీపం వెలిగే వేళ ప్రజలు పాడే పాత స్తుతిగీతాన్ని కూడా సాక్ష్యానికి తెచ్చాడు. దాన్ని ఎవరు రాశారో తెలియదనీ, జనం మాత్రం ఆ ప్రాచీన పదాలను పలుకుతూనే ఉన్నారనీ ఆయనే చెప్పాడు. ఆ గ్రంథమంతటిలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ చోటే: వేదాంతి తన వాదాన్ని పామరుల నోటి పాటపై ఆనించాడు.

అయితే అంత రాసినవాడు "ఆత్మ దేవుడు" అని ఆ గ్రంథంలో ఎక్కడా సూటిగా అనలేదు. కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని చెప్పే నైకియ సభ విశ్వాసానికి వ్యతిరేకి అయిన వాలెన్స్ చక్రవర్తి బిషప్పులను వెళ్లగొడుతున్న కాలమది. ఒక విందులో సన్యాసి వంటి ఒకాయన, బండరాళ్లను తప్పుకొని ఇసుకను మాత్రం కోసుకుపోయే నదిలా బాసిల్ ఆత్మ విషయంలో జారుకుంటున్నాడని ఆక్షేపించాడట. ఆ మాటను మిత్రుడు నాజియాంజసు గ్రెగొరీ దాచకుండా ఉత్తరంలో రాసి పంపాడు. మొదట్లో నాకూ అది పిరికితనంగానే తోచింది. పేరు పెట్టకుండానే ఆరాధనలో ఆత్మకు సమాన స్థానం ఇవ్వడం తక్కువ సాహసమేమీ కాదని తరువాత అర్థమైంది.

బాసిల్ 379లో మరణించాడు. మరుసటి ఏడాది కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రెగొరీ, ఆత్మ దేవుడేనని ప్రసంగవేదిక మీదనుంచి తేటగా చెప్పాడు. 381లో అదే నగరంలో కూడిన మహాసభతో ముడిపడిన విశ్వాస ప్రమాణం మాత్రం బాసిల్ దారినే పట్టింది: ఆత్మ "తండ్రితోను కుమారునితోను కూడ ఆరాధింపబడి మహిమ పొందుచున్నాడు" అంటుందే గాని దేవుడనే పదాన్ని ఆయనకు నేరుగా వాడదు.

పాత రూపం కూడా చెరిగిపోలేదు. ఒకే ఆరాధనలో ఆ మహిమ స్తుతి ముగ్గురికీ సమానంగా "కు" అంటుంది. కొద్దిసేపటికే సంకలిత ప్రార్థన (ఆ దినానికి నియమించిన చిన్న ప్రార్థన) "మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా" అని ముగుస్తుంది.