నల్ల గుడ్డ మీద నికాలా

జార్జియా రాజధాని ట్బిలిసీలో ఏ గైడు మాట మొదలుపెట్టినా గులాబీల కథ దగ్గరికే వస్తాడు. నికో పిరొస్మాని (ముద్దుగా నికాలా) అనే పేద చిత్రకారుడు మార్గరీటా అనే ఫ్రెంచి నటిని ప్రేమించి, ఉన్నదంతా అమ్మి, ఆమె బస ముందు వీధినంతా పూలతో నింపాడట. ఆయన పేరు పెట్టుకున్న ఒక భోజనశాల గోడ మీద కూడా ఆ కథే రాసి ఉంది. అక్కడ రొట్టెకూ జున్నుకూ వేసిన ధర చూసి నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే పూట భోజనానికీ తల దాచుకునే చోటుకూ బదులుగా సారాకొట్లకు బొమ్మలూ బోర్డులూ వేసి ఇచ్చిన మనిషి ఆయన.

రుస్తావెలీ రోడ్డులోని నేషనల్ గ్యాలరీలో నన్ను ఆపేసింది ప్రేమకథ కాదు, నలుపు. కహేతీ ప్రాంతంలోని మీర్జానీ గ్రామంలో 1862లో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని, రైల్వేలో పనిచేసి, పాల దుకాణం నడిపి, ఏ గురువు దగ్గరా కూర్చోకుండానే కుంచె పట్టిన పిరొస్మాని ఎక్కువగా నల్లటి ఆయిల్‌క్లాత్ మీద వేశాడు. నలుపు కావలసిన చోట ఆయన రంగు పూయలేదు, గుడ్డను అలాగే వదిలేశాడు. ఎర్రచొక్కా జాలరి చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాక, వెలుగును మాత్రమే వేసి చీకటిని గుడ్డకు అప్పగించడంలోని ధైర్యం అర్థమైంది. ఇంత తెలిసిన చేతిని 'అమాయక' (శిక్షణ లేని) చిత్రకారుడని పిలవడం నాకు నచ్చలేదు.

ట్బిలిసీలోని సామ్‌గోరీ నుంచి కహేతీలోని సిగ్నాగీ పట్టణానికి వెళ్లే మార్ష్రుత్కా, అంటే షేర్ వ్యాను, నిండితేగాని కదలదు. ఆ ఉక్కలో కూర్చుని గ్యాలరీలో కొన్న విందు చిత్రం అచ్చుప్రతిని ఒళ్లో తెరిచాను. పక్కసీటు పెద్దావిడ దాని మీద వేలు పెట్టి, ఇంటి మనిషిని గుర్తుపట్టినట్టుగా "నికాలా!" అంది. ఆ తర్వాత బల్ల మీది రొట్టెనూ, చేపనూ, ద్రాక్షసారా నింపిన కొమ్మునూ ఒక్కొక్కటిగా చూపిస్తూ పేర్లు చెప్పింది. నేను తప్పు పలికితే మళ్లీ చెప్పించింది. ముందు సీటులోని యువకుడు వెనక్కి తిరిగి మాకు ఇంగ్లీషు అందించాడు. వాళ్ల తాతగారింట్లో పండుగనాడు బల్ల ఇలాగే ఉండేదని ఆవిడ అన్నదట. గ్యాలరీలో నేను మనుషుల ముఖాలనే చూశాను. ఆవిడ చూసింది వడ్డన.

1912లో యువ కళాకారులైన ఇద్దరు జ్దానెవిచ్ సోదరులూ, వారి మిత్రుడు లె దాంత్యూ ఈ చిత్రాలను సారాకొట్లలో చూసి ఆశ్చర్యపోయారు, మరుసటి ఏడాదే మాస్కో ప్రదర్శనకు కొన్నింటిని పంపారు. అయినా 1916లో ఒక పత్రిక ఆయనను చదువురానివాడిగా ఎగతాళి చేస్తూ కార్టూన్ వేసింది. ఆ గాయం మానకుండానే 1918లో ఆయన దిక్కులేకుండా చనిపోయాడు. సమాధి ఎక్కడుందో ఇప్పటికీ రూఢిగా తెలియదు. అదే దేశం 1995లో తెచ్చిన 1 లారి (జార్జియా కరెన్సీ) నోటు మీద ఆయన ముఖాన్ని అచ్చువేసింది.

సిగ్నాగీ మ్యూజియంలో ఆయన చిత్రాలకు ప్రత్యేకంగా ఒక గది ఉంది. మీర్జానీకి టాక్సీ ధర ఎక్కువే అడుగుతారు, బేరమాడి వెళ్లవచ్చు. కానీ వెళ్లేవారు ముందుగా ట్బిలిసీలో ఆయన వేసిన జిరాఫీ చిత్రం ఎదుట కాసేపు నిలబడాలని నా మనవి. మార్గరీటా కథ ఆ తర్వాత వినవచ్చు.